పాత సర్వరూ, ఆపరేటరమ్మ పంతమూ

ఆపరేటరమ్మతో పరిచయమైన రోజే అడగకూడని ప్రశ్న అడిగేశాను. పుట్టుకతో చూపు లేనివాళ్లకి కలలొస్తాయా అని. ఆవిడ నవ్వి, "వస్తాయండీ. వాటిల్లో కూడా జనం ఇదే అడుగుతుంటారు" అంది. అప్పటి నుంచి ఆవిడ నాకు వదిన, నేను ఆవిడకు వదిన.

టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. మొదటి రోజు అక్కడి పెద్దాయన, "ఇన్ని వైర్లున్న బోర్డు ముందు నువ్వేం చేస్తావమ్మా?" అన్నాడట. "గదిలో దీపం ఆర్పేయండి. ఇద్దరం కూర్చుందాం. ఎవరు ముందు కలుపుతారో తేలిపోతుంది" అందట ఈవిడ. ఆయన దీపం ఆర్పలేదు కానీ కుర్చీ మాత్రం ఇటు జరిపాడట.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేదు. మా వీధి గ్రంథాలయంలో వెనక గది అడిగి పుచ్చుకుని, చూపులేని పిల్లల హాస్టలు కోసం పాఠ్యపుస్తకాలు చదివించి రికార్డు చేయడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరినీ వదల్లేదు. నర్సమ్మ చేత సైన్సు చదివించింది. దర్జీ చేత లెక్కలు చదివించింది. నా చదువు ఐదో తరగతి కాబట్టి నాకు ఒకటో తరగతి కథలిచ్చింది. పన్నెండేళ్లలో పోగైన ఆ గొంతులన్నీ ఆరు డిస్కుల్లో ఉన్నాయి. ఈమధ్య వాటిలో ఒకటి తిరుగుతూ తిరుగుతూ టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది.

"ఇది ఎన్నాళ్లో బతకదు వదినా. దర్జీ దీంట్లోనే ఉన్నాడు" అంది. దర్జీ పోయి అప్పటికి రెండేళ్లు.

ఏదో ఆఫీసు మూసేస్తూ వదిలించుకున్న పాత సర్వరు ఒకటి ఆవిడ గదిలోకి వచ్చింది. ఇదేమిటి, ఇంత బరువేమిటి, దీనికిన్ని ఫ్యాన్లేమిటి అని నేను ప్రాణం తీస్తే ఓపిగ్గా చెప్పింది. దానిలో నాలుగు డిస్కులుంటాయి. ఏది దాచినా ఒకచోట కాక రెండుచోట్ల దాస్తుంది. ఒక డిస్కు పోయినా గొంతు పోదు. అయితే ముందు ఆ నిల్వ పని చూసుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి.

గ్రంథాలయం కార్యదర్శికి కుర్చీలు పెట్టుకోవడానికి ఆ గది కావాలి. "ఇప్పుడన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదమ్మా! శనివారం దాకా చూస్తాను. అప్పటికీ ఈ పెట్టె లేవకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేసి గది ఖాళీ చేయండి" అన్నాడు.

"మా దర్జీ ఏ ఫోన్లో దొరుకుతాడో చెప్పండి, ఇప్పుడే ఖాళీ చేస్తాను" అంది.

సోమవారం కంప్యూటర్ షాపతను వచ్చి, డిస్కుల్ని విడివిడిగా చూడమని యంత్రానికి సెట్టింగుల్లో చెప్పి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. సాయంత్రానికల్లా పూర్తయిందని తెర మీద వచ్చింది. ఆరింటికి గ్రంథాలయం కాపలాతను రోజూలాగే కరెంటు మెయిన్ దించి తాళం వేశాడు. మంగళవారం పొద్దున ఆన్ చేస్తే తనలో డిస్కే లేదంది ఆ యంత్రం! అంతా మొదటి నుంచీ చేసి మళ్లీ ఎక్కించాడు. బుధవారం మళ్లీ అదే పాట.

"యంత్రం ముసలిది, సాఫ్ట్‌వేర్ కొత్తది. రెంటికీ పొసగడం లేదు. వదిలేయండమ్మా" అన్నాడు.

"పొసగనిది సాయంత్రం దాకా ఎలా కాపురం చేసిందయ్యా?"

సామాను రేపొచ్చి తీసుకెళ్తానంటూ అతను చెప్పులేసుకున్నాడు.

గురువారం ఆవిడ నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. ఆవిడ కంప్యూటరు తెర మీదది చదివి వినిపిస్తుంది కానీ, ఈ పెట్టెకి ఇంకా మాటలు రాలేదు. ఫోనుతో చదివించబోతే తెర మెరుపుకి అది తికమకపడింది.

"నాకు ఇంగ్లీషు రాదు కదా వదినా?"

"అక్షరాలొచ్చుగా. ఒక్కటీ వదలకుండా చదువు. అర్థం సంగతి నేను చూసుకుంటాను."

బి, ఓ, ఓ, టి అంటూ కూడబలుక్కుని చదువుతున్నాను. తన సామాను తీసుకెళ్లడానికి వచ్చిన షాపతను గుమ్మంలో నిలబడి, "ఆ పై మూల అంకెలెందుకండీ, అవి అనవసరం" అన్నాడు.

"ఒక్కటీ వదలొద్దంది బాబూ ఆవిడ" అని వాటినీ చదివాను. సున్నా ఒకటి, సున్నా ఒకటి, ఆ పక్కన పదిహేనేళ్ల కిందటి సంవత్సరం.

ఆపరేటరమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అది తేదీ వదినా. నిన్న పొద్దున కూడా అదేనా?"

"నిన్న తొంగిచూసినప్పుడూ అవే అంకెలు. మొన్న కూడా." నేను తొంగిచూడని రోజంటూ ఉంటే కదా!

"అయితే దీనికి ముసలితనం కాదయ్యా, మతిమరుపు" అంది షాపతని వైపు తిరిగి. లోపల బిళ్ల బ్యాటరీ ఒకటుంటుందట. కరెంటు లేనప్పుడు తేదీనీ, మనం చెప్పిన మాటలనూ గుర్తుంచుకునేది అదే. అది చచ్చిపోయింది. కాపలాతను మెయిన్ దించినప్పుడల్లా, డిస్కుల్ని విడివిడిగా చూడమని మనం చెప్పింది మర్చిపోయి, యంత్రం నాలుగింటినీ ఒకే మూటగా చూసే తన పాత ఆఫీసు అలవాటుకి పోతోంది. అందుకే సాఫ్ట్‌వేర్ ఉన్న డిస్కు దానికి కనబడటం లేదు.

"మెయిన్ దించుతారని నాకెవరు చెప్పారు?" అన్నాడు షాపతను.

"తేదీ అనవసరమని దానికెవరు చెప్పారు?"

యంత్రానికి కరెంటు తీయించి, మూత తీసి లోపల వేళ్లతో తడిమింది. అదేదో తను కుట్టిన జేబే అన్నట్టు నేరుగా బ్యాటరీ దగ్గరకు పోయి, తలలోని పిన్నుతో పైకి లేపి నా అరచేతిలో పెట్టింది. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. అలాంటిదే మా వంటింటి తూకం మిషన్లో ఉంది. పరుగున వెళ్లి పీకేశాను.

"అత్తయ్యా, నేను పిండి దేంతో తూచను?" అంది కోడలు.

"చేత్తో. నలభై ఏళ్లు నేనలాగే తూచాను."

శుక్రవారం మాటలన్నీ యంత్రానికి మళ్లీ చెప్పి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాం. ఆరింటికి కాపలాతను, "ఇవాళ మెయిన్ ఉంచేయనా అమ్మా?" అన్నాడు జాలిగా. "దించు. రోజూ ఎలా దించుతావో అలాగే దించు" అంది.

శనివారం పొద్దున్నే కార్యదర్శి ఒక కాగితం పట్టుకుని, వెంట పాత సామాన్లవాణ్ణి పెట్టుకుని వచ్చాడు.

"ముందు ఆ స్విచ్ వేయండి. మీ చేత్తోనే" అంది ఆపరేటరమ్మ.

వేశాడు. ఫ్యాన్లు గుర్రుమన్నాయి. పెట్టె ఒక్కసారి కూసింది. పై మూల చూస్తే ఇవాళ్టి తేదీ! దాని కింద ఒకటి కాదు, నాలుగు డిస్కుల వరసలు. గట్టిగా చదివాను. ఆవిడ అప్పటికే టిక్కుటిక్కుమనే డిస్కును తగిలించి కాపీ పెట్టేసింది. కాసేపటికి, అలా వచ్చి చేరిన ఒక పాఠాన్ని సర్వరులోంచే వినిపించింది.

"ఎనిమిదో లెక్క. కంగారేం లేదు పిల్లలూ, ముందు ప్రశ్న మొత్తం వినండి" అన్నాడు దర్జీ.

పాత సామాన్లవాడు సంచి కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు. కార్యదర్శి మాత్రం గొంతు సవరించుకుని, "ఏదైనా, గది ఖాళీ చేస్తానని ఇక్కడో సంతకం..." అన్నాడు.

"వదినా, చదువు. ఒక్కటీ వదలకు."

కాగితం అందుకుని మొదలుపెట్టాను. తెలుగే కాబట్టి గడగడా చదవగలను. కానీ చదవలేదు. గుణింతాలు, వత్తులు, చుక్కలు, పక్కనున్న సిరా మరకతో సహా ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. మూడో వరసకి వచ్చేసరికి కార్యదర్శి నా చేతిలోంచి కాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన గుమ్మం దాటుతుండగా ఆపరేటరమ్మ వెనక నుంచి కేకేసింది. "కార్యదర్శిగారూ, ఇవాళ మాత్రం మెయిన్ దించొద్దని కాపలాతనికి చెప్పి వెళ్లండి. దర్జీకి ఇంకా నాలుగొందల లెక్కలున్నాయి."