తాతయ్య బొటనవేలు

తాతయ్య బొటనవేలికి తాతయ్యకన్నా పొగరెక్కువ. నూలు మిల్లులో ముప్పై ఒక్కేళ్లు బెల్టుల పని చేశాడు. యంత్రం ఆపి, రెండు పుల్లీల నడుమ బెల్టును ఆ వేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. వేలి మందాన లోపలికి దిగితే సరి. అంతకు మించితే వదులు, అసలు దిగకపోతే బిగువు. కొలత పరికరాలు పట్టుకొచ్చిన ఇంజనీర్లు కూడా చివరికి ఆ వేలి వంకే చూసేవాళ్లట. మిల్లులో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదట, అందరికీ బొటనవేలుగారేనట. ఈ 'అట'లన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవే. సాక్షులెవరూ మిగల్లేదు.

రిటైరై పద్నాలుగేళ్లయింది. మిల్లే మూతపడి పదేళ్లయింది. వేలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉందని తాతయ్య నమ్మకం.

ఆ ఎండాకాలం నాయనమ్మకు ఆయాసం ముదిరింది. ఉన్నది పై అంతస్తులో రేకుల గది, దాని మూలే వంటిల్లు. పొద్దుటి చల్లదనంలో ఆమె లేచి నాలుగడుగులు వేసేది. పన్నెండు దాటితే గది పెనమే, ఆమెకు మంచమే గతి. కిటికీ పక్కన స్టాండు మీదున్న ఇనప కూలరు ఒక్కటే దిక్కు. మంగళవారం అదీ కుయ్యో మొర్రోమని కూలబడింది. మోటారు తిరుగుతోంది, ఫ్యాను తిరగడం లేదు. పక్క రేకు విప్పి చూస్తే బెల్టు నిండా పగుళ్లు, ఒకచోట దారాలు బయటపడి వేలాడుతున్నాయి.

సంగతి తెలిసి ఆయన కూతురు, అంటే అత్త, ఫోన్ చేసి రిపేరు మనిషిని పంపిస్తానంది. తాతయ్యకు రోషం పొడుచుకొచ్చింది. బెల్టు మార్చడానికి తనింటికి ఇంకొకడు రావడమేమిటి, నలుగురూ నవ్వరా అన్నాడు. ఆ సైజు బెల్టు కొట్లో శుక్రవారానికిగాని రాదు, అయినా సరే తానే వేస్తానన్నాడు. అత్త అంతా విని, ఒక్కటే చెప్పింది.

"శనివారం నాలుగింటికి కారేసుకొస్తాను నాన్నా. అప్పటికి కూలరు ఆడుతుంటే అమ్మ అక్కడే ఉంటుంది. లేకపోతే నాతో తీసుకెళ్తాను."

అత్త ఇంట్లో చల్లటి గది ఒక్కటే. అందులో ఆమె అత్తగారి మంచం ఇప్పటికే ఉంది. ఇంకోటి పడుతుంది, మూడోది పట్టదు. ఎండలు తగ్గాక అమ్మను తెచ్చి దింపుతానంది అత్త. ఈ ఎండలు దాటనివ్వండి చూద్దాం అన్నాడు డాక్టరు. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా తాతయ్య చాలా జాగ్రత్తపడ్డాడు.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. నాయనమ్మ దిండ్లకు ఆనుకుని చూస్తోంది. ఆయన బోల్టులు వదులు చేసి, మోటారును ఫ్యాను వైపు జరిపి, పాత బెల్టు తీసి కొత్తది ఎక్కించాడు. మోటారును వెనక్కి లాగి బోల్టులు బిగించాడు. చేతి బలం చాలక స్పానరు తోకకు ఒక పైపు తొడిగి, దాని మీద ఒళ్లంతా వేశాడు. అదీ మిల్లు పద్ధతేనట. తర్వాత గొంతు సవరించుకుని, రిబ్బను కత్తిరించబోయే మంత్రిలా వేలు ముందుకు చాచి బెల్టును నొక్కాడు.

దిగలేదు.

మరీ బిగువని మోటారును కాస్త ముందుకు జరిపాడు. నొక్కాడు. దిగలేదు. ఇంకాస్త జరిపాడు. ఈసారి కొంచెం దిగినట్టనిపించి స్విచ్చి వేశాడు. కూలరు కీచుమంది. ఫ్యాను బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. బిగువెక్కువై మోటారు ఏడుస్తోందని నాయనమ్మకు పాఠం చెప్పి, ఇంకా వదులు చేశాడు. ఇలా మూడుసార్లు. ప్రతిసారీ అరుపు పెరిగింది, గాలి తగ్గింది. కంపెనీని తిట్టాడు, కొట్టువాణ్ణి తిట్టాడు, ఈ కాలపు రబ్బరును తిట్టాడు. వేలిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

మూడున్నరకు నాయనమ్మ మందు వేళ. కొత్త సీసా. తాతయ్య మూత తిప్పాడు, తిరగలేదు. చొక్కా అంచుతో పట్టుకుని తిప్పాడు. మెడ నరాలు తేలాయిగానీ మూత కదల్లేదు.

"ఇటివ్వండి," అంది నాయనమ్మ. తువ్వాలు చుట్టి తిప్పితే టక్కున వచ్చింది.

"కొత్త మూత కదా, గట్టిగా ఉంటుంది," అన్నాడు తాతయ్య.

ఆమె మందు తాగి, ఊపిరి కూడదీసుకుంది. "పాతవీ గట్టిగానే ఉంటాయండీ. ఏడాదిగా మీరు లేవకముందే అన్నీ నేనే తిప్పి పైపైన పెడుతున్నాను. మీరు చిన్నబుచ్చుకుంటారని."

తాతయ్య వేలి వంక చూసుకున్నాడు. ఏడాదిగా పంచదార డబ్బా, నీళ్ల సీసా ఊ అంటే ఊడి వస్తున్నాయి. ముసలిదైపోయావని వేలికి ఎవరూ చెప్పలేదు. బెల్టు బిగువుగా లేదు, నొక్కే వేలిలో సత్తువ లేదు. పొద్దుటి నుంచీ వదులు బెల్టునే ఇంకా ఇంకా వదులు చేస్తూ కూర్చున్నాడు.

"నన్ను లేపండి," అంది నాయనమ్మ.

"నువ్వు పడుకోవే. ఆయాసం వస్తుంది."

"టైమెంత?"

మూడూ నలభై. ఆయన చెయ్యి అందించాడు.

మంచం నుంచి కూలరు ఆరడుగులు. రెండుసార్లు ఆగి, గోడ పట్టుకుని వచ్చింది. ఆమె వేలు పెట్టి నొక్కగానే బెల్టు బట్టలారేసే తాడులా వంగిపోయింది. ఎంత దిగాలని అడిగింది. తాతయ్య తన వేలిని పక్కన పెట్టి మందం చూపించాడు. కొలబద్దగానైనా అది పనికొచ్చింది. ఆయన మోటారు లాగడం, ఆమె నొక్కి ఇంకా, ఇంకాస్త అనడం. కూర్చోవే అంటే, కూర్చుంటే మళ్లీ లేవలేనంది. చివరికి చాలు అంది. ఆయన పైపు మీద వేలాడి బోల్టులు బిగించి, రేకు మూసి స్విచ్చి వేశాడు.

అరుపు లేదు. తడి గడ్డి వాసనతో గాలి నిండుగా వచ్చింది. నాలుగుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి.

"చూశావటే," అంటూ తాతయ్య వెనక్కి తిరిగాడు.

నాయనమ్మ గోడకు ఆనుకుని నోరు తెరిచి ఊపిరి కోసం వెతుక్కుంటోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. మొహం మీదికి అంత గాలి కొడుతోంది, అందులో చిటికెడు కూడా ఆమెకు అందడం లేదు.

అత్త వచ్చి కూలరు వంక తలైనా తిప్పలేదు.

"అమ్మనెందుకు నిలబెట్టావు నాన్నా?" అని అడిగింది. కోప్పడినా బాగుండేది. తాతయ్య "బెల్టు..." అన్నాడు.

కారు డ్రైవరూ అత్తా కలిసి మెట్లు దింపడానికి ఆమెను కుర్చీతో సహా ఎత్తారు. తాతయ్య కూడా ఒక చెయ్యి వేయబోతే, నువ్వుండు నాన్నా అంది అత్త. గడప దగ్గర నాయనమ్మ చెయ్యి చాచి ఆయన బొటనవేలు పట్టుకుంది. బెల్టును నొక్కినట్టు ఒకసారి నొక్కి వదిలేసింది.

పొద్దుగూకేదాకా కూలరు ఆడుతూనే ఉంది. ఖాళీ మంచం మీద దుప్పటి అంచు లేచి పడుతోంది. ఆపడానికి ఆయనకు మనసొప్పలేదు. టీ పెట్టుకుందామని పంచదార డబ్బా అందుకుంటే మూత ఇట్టే వచ్చింది, పొద్దున ఆమె తిప్పి ఉంచినదే. చెంచాడు తీసుకుని, మూత మళ్లీ పైపైనే పెట్టాడు. మిగతా డబ్బాల జోలికి పోలేదు.