పసిబిడ్డల వార్డులో డిటో

ఆ ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో అందరూ ఆవిణ్ణి వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆ వరస ఒక్కడికే చెల్లుతుంది. అక్కడ వైర్లు లాగే పనిలో ఉన్న మరిది, మొదటి రోజే నలుగురి ముందూ "వదినా, కాఫీ తాగావా?" అని కేకేశాడు. అంతే, సాయంత్రానికల్లా తనకన్నా పదేళ్లు పెద్దవాడైన మేనేజరుతో సహా అందరికీ వదినైపోయింది.

పిల్లల కోసం ఉద్యోగం మానేసి ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయిన మనిషి. మళ్లీ పనికి పొమ్మని వెంటపడింది అత్తగారే. "పిల్లల్ని నేను చూసుకుంటాలే. ఇంట్లో ఉండి నా వంటకి వంకలు పెట్టడం తప్ప ఏం చేస్తున్నావు?" అందావిడ. ఇలాంటి అత్తగారు దొరకడం తన అదృష్టమని వదిన అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటుంది. ఉద్యోగం మాత్రం ఇంకా ఖాయం కాలేదు. పనితనం చూసి ఆ నెలాఖరుకి తేలుస్తామన్నారు.

అప్పగించిన పని ఇది. ఆసుపత్రి వాళ్లు కొత్తగా ఒక కాపలా సాఫ్ట్‌వేర్ కొన్నారు. కంప్యూటర్లూ, ప్రింటర్లూ, మంచాల పక్కన గుండె చప్పుడు చూపించే మానిటర్లూ, అన్నిటినీ దానికి ముందే పరిచయం చేయాలి. సాయంత్రం ఆరింటికి అది కాపలా మొదలుపెడుతుంది. తనకి తెలియని యంత్రం నెట్‌వర్కులో కనిపిస్తే దొంగ కింద జమకట్టి గెంటేస్తుంది. దానికి మొహమాటాలు లేవు. ఒక్కో వార్డూ తన యంత్రాల వివరాలు ఎక్సెల్ షీట్లో నింపి పంపింది. వాటన్నిటినీ ఒక దారికి తెచ్చి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం వదిన వంతు.

ఆ షీట్లు నింపిన తీరు చూసి వదినకి పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఒకరు తేదీ గడిలో ఫోన్ నంబరు వేశారు. ఇంకొకరు ప్రింటరు నంబరు ఉండాల్సిన చోట "పాడైంది, త్వరగా మనిషిని పంపండి" అని మొర పెట్టుకున్నారు. విసుక్కుంటూ, నవ్వుకుంటూ సరిచేసి, ఖాళీ గడులన్నీ వెతికి నింపి, మధ్యాహ్నానికి ఇంపోర్ట్ నొక్కింది. పచ్చటి టిక్కు పడింది. మేనేజరు వచ్చి చూసి, "భేష్ వదినా, గట్టెక్కేశావ్" అన్నాడు.

గట్టెక్కలేదు. పంపిన వరుసలకీ లోపలికి ఎక్కిన యంత్రాలకీ లెక్క కుదరలేదు. కొన్ని తగ్గాయి.

"ఒకే నంబరు రెండుసార్లు వస్తే అది కలిపేసుకుంటుంది. మామూలే" అన్నాడు మేనేజరు.

మామూలే కావచ్చు. వదిలేస్తే ఆ పచ్చ టిక్కుతోనే ఉద్యోగం ఖాయమయ్యేలా ఉంది. కెలికితే తన తప్పే బయటపడవచ్చు. మనసు కాసేపు అటూ ఇటూ ఊగింది, నిజం చెప్పాలంటే వదిలేద్దామనే వైపే ఎక్కువ ఊగింది. కానీ తగ్గినవేమిటో తెలియకపోతే రాత్రికి అన్నం సహించదనిపించి, వార్డువారీగా వెతకడం మొదలుపెట్టింది.

తగ్గినవన్నీ పసిబిడ్డల వార్డువే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లను ఉంచే చోటది. షీట్లో మొదటి మానిటరుకి నంబరుంది. దాని కింద గడులన్నిటిలోనూ ఒకటే మాట: డిటో, అంటే పైదే. 'డిటో' అనేదే నంబరుగా ఉన్న ఒకే ఒక్క యంత్రమనుకుని సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ ఒకటిగా కలిపేసింది. ఆరింటికి ఆ మానిటర్లన్నీ దొంగలైపోతాయి. బిడ్డకేమైనా అయితే మంచం దగ్గర మోత మోగుతుంది గానీ, అద్దం అవతల నర్సుల గదిలో పెద్ద తెరకి ఆ కబురు చేరదు. ఖాళీ గడుల్ని వెతికిందే గానీ, నిండిన గడుల్లో ఏముందో తను చదవలేదు.

మేనేజరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన తల పట్టుకుని, "ఆ షీట్ ఎవరు నింపారు?" అన్నాడు.

"పెద్ద సిస్టర్."

ఆ వార్డు నర్సులందరికీ పెద్ద ఆవిడ; నడిచి వస్తుంటే డాక్టర్లే పక్కకి తప్పుకుంటారు. "నువ్వే వెళ్లు వదినా, నాకు పిల్లలున్నారు" అన్నాడు మేనేజరు.

"నాకూ ఉన్నారు సార్" అని వదిన లాప్‌టాప్ చంకన పెట్టుకుని బయల్దేరింది.

పెద్ద సిస్టర్ అంతా విన్నది. మొహం ఎర్రబడింది. వదిన తిట్లకి సిద్ధపడి నిలబడింది.

"అన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి వచ్చాయి. ఒకటే రకం కదా అని డిటో కొట్టేశాను" అందావిడ నెమ్మదిగా. "మందుల చార్టులో ఎవరైనా ఇలా రాస్తే తాట తీస్తాను నేను. ఇప్పుడేం చేద్దామో చెప్పు తల్లీ."

నంబర్లు మానిటర్ల వెనక, గోడవైపు అంటించి ఉన్నాయి. వైర్లు కదపడానికి వీల్లేదు. పెద్ద సిస్టర్ మోకాళ్ల నొప్పులు మర్చిపోయి, టార్చి పట్టుకుని ఒక్కో మానిటరు వెనక్కీ దూరింది. బిడ్డలు లేస్తారని ఆవిడ గుసగుసగా అంకెలు చదివితే, వదిన గుసగుసగానే తిరిగి అప్పజెప్పి టైపు చేసింది. ఇద్దరూ అలా నేల మీద పాకుతుంటే, బిడ్డని చూసుకోవడానికి వచ్చిన ఓ బాలింతరాలు నవ్వాపుకోలేకపోయింది.

ఈసారి వదిన ప్రతి గడీ చదివి మరీ ఎక్కించింది. లెక్క సరిపోయింది. పెద్ద సిస్టర్ అంతటితో ఊరుకోలేదు, మేనేజరుకి ఫోన్ చేసింది.

"తప్పు నాది. పట్టుకున్నది మీ అమ్మాయి. ఈ పిల్లని పంపించేశారో, మీ గదిలో ఆ కుర్చీలోకి నేనొచ్చి కూర్చుంటాను."

అంత బెదిరింపుకి ఎవరు తట్టుకుంటారు? "అంత పని చేయకండి సిస్టర్, ఆవిడెక్కడికీ పోదు" అన్నాడాయన.

"నేనూ చదవకుండానే ఎక్కించాను సిస్టర్" అంది వదిన.

"తెలుసు. అందుకే ఇంకోసారి చేయవు" అంది పెద్ద సిస్టర్.

ఆరు దాటింది. కాపలా మొదలైంది. వదిన ఇంటికి పోబుద్ధి కాక నర్సుల గదిలోనే నిలబడింది. ఎంతసేపటికీ ఏమీ మోగలేదు. అది మంచికో చెడుకో ఎలా తెలుస్తుంది? అంతలో పెద్ద తెర మీద ఎర్రగా వెలిగి మోత మొదలైంది. కిటికీ పక్క మంచం. డిటోగా రాసిన వాటిలో ఒకటి. నర్సు లోపలికి పరుగెత్తింది.

అద్దం అవతల నుంచి నర్సు నవ్వుతూ చేయి ఊపింది. ఏమీ కాలేదు. చారెడంత బిడ్డ, కాలికి చుట్టిన వైరుని తన్ని ఊడగొట్టేసింది.

"రౌడీ!" అంది పెద్ద సిస్టర్ ముద్దుగా.

వదినకి కళ్లు నిండిపోయాయి. ఆ రోజు తనని నిలబెట్టినవాళ్లందరికీ కలిపి, అద్దం దగ్గరికి వెళ్లి ఆ బొటనవేలంత పాదానికి దండం పెట్టింది.