రెండో గడిలో అంకె

మొన్న పొద్దున్నే గిద్దలూరు నుంచి ఫోన్ వచ్చింది. మా కంప్యూటర్ సార్ పోయారని ఆయన అల్లుడు చెప్పాడు. విని కూడా, వెర్రిదానిలా, సార్‌కి ఫోన్ ఇవ్వమన్నాను.

మార్కాపురం కాలేజీ ల్యాబ్‌లో నేను ఆయన దగ్గర సహాయకురాలిని. పలకల ఊరు కదా, సార్ బల్ల మీద ఎప్పుడూ ఒక పగిలిన పలక ఉండేది. ఫైళ్ల జాబితాలో ఒక వరసను దాని మీద బలపంతో రాసి, వేలు పెట్టి ఎడమ నుంచి చదివించేవారు. మొదటి అక్షరం ‘ఎల్’ అయి, చివర బాణం ఉంటే అది అసలు ఫైలు కాదు, దోర్నాల అడ్డరోడ్డులో శ్రీశైలం బోర్డులాంటిది. బోర్డు పీకినా శ్రీశైలం ఎక్కడికీ పోదు. ఇక రెండో గడిలో అంకె, ఒకే ఫైలుకు ఎన్ని పేర్లున్నాయో చెబుతుంది. అన్ని పేర్లూ చెరిపితేగానీ ఫైలు పోదు. రోజూ ఇదేం గోల అని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒక ఏడు ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున సర్వర్ నిండిపోయింది. ఎగ్జామినర్ అప్పటికే బస్సులో ఉన్నారు. కంగారులో వేలు పెట్టి చదవకుండా, పాత ఫోల్డర్ అనుకుని ఆ ఏడాది పిల్లల ప్రాజెక్టులన్నీ చెరిపేశాను. నా ఉద్యోగం సరే, అరవైమంది పిల్లల ఏడాది కష్టం.

సార్ రాగానే ఏడుస్తూ చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. ప్రతి సాయంత్రం ఆ ఫైళ్లకు తన ఫోల్డర్‌లో రెండో పేరు పెట్టడం ఆయన అలవాటు. ముందురోజు జ్వరంతో తొందరగా వెళ్లారు, పెట్టారో లేదో గుర్తు లేదు. కుర్చీలో కూర్చుని ఒక్కటే అడిగారు.

“డిస్కులో ఖాళీ పెరిగిందా పాపా?”

“లేదు సార్. అంతా తుడిచినా పెరగలే.”

“అట్లయితే బతికినాం. ఇంకో పేరు యాడనో ఉంది.”

ఉంది. ఎగ్జామినర్ టీ తాగేలోపు, సార్ ఫోల్డర్‌లోని ఆ పేర్లతో పిల్లల ఫోల్డర్ మళ్లీ నిండింది. సార్ ఎవరికీ చెప్పలేదు. నన్ను తిట్టలేదు కూడా, పలక మాత్రం నా ముందుకు జరిపారు.

నిన్న ఆయన ఖాతా తీసేయమని ప్రిన్సిపాల్ చెప్పారు. కొత్త సార్‌కి చోటు కావాలట. పాతికేళ్ల పాఠాలు అందులోనే ఉన్నాయి. చెయ్యి రాలేదు. పలక పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఎడమ నుంచి చదివాను. ప్రతి పాఠానికీ రెండో గడిలో రెండు. వెతికితే ఆ రెండో పేర్లు నా ఫోల్డర్‌లోనే ఉన్నాయి. ఎప్పుడు పెట్టారో, నాకు ఒక్క మాట చెప్పలేదు.

కళ్లు తుడుచుకుని ఎంటర్ నొక్కాను. సార్ పేరుతో ఉన్న ఫోల్డర్ తెర మీద నుంచి పోయింది.

ఖాళీ పెరగలేదు.