నీళ్లడిగిన రాజు

సిద్దిపేట గంజ్‌లో సిద్ధయ్య హమాలీ. మక్కల బస్తా వీపు మీదికి ఎత్తుకుని, లారీకి ఆనించిన చెక్క మీద వంగి నడిచి ఎక్కేవాడు. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం రాజు.

వాళ్లది భాగోతం ఆడే కుటుంబం. తాత వేసిన రాజు వేషం తండ్రికి, తండ్రి నుంచి సిద్ధయ్యకు వచ్చింది. వేషంతో పాటు పొనికి కట్టెతో చెక్కిన కిరీటం కూడా వచ్చింది. దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఇంటి దూలానికి వేలాడదీసేవాళ్లు. ఆ ఇల్లు కూడా వాళ్లది కాదు. మా గల్లీ చివర ఖాజాబీ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని సిద్ధయ్య, భార్య యాదవ్వ, కొడుకు క్రాంతి ఉండేవాళ్లు. ఖాజాబీ బస్టాండు దగ్గర చాయ్ బండి నడిపేది. దూలం నుంచి వేలాడే ఆ మూట చూసి మొదట్లో భయపడేదట. తరవాత బక్రీదుకు ఇల్లు కడిగినప్పుడు దాని మీది దుమ్ము కూడా తనే దులిపేది.

గంజ్‌లో ఎవరైనా, ఏం రాజా, బస్తా లేస్తలేదా అని ఎకసెక్కమాడితే, రాజ్యమే మోసినోనికి బస్తా ఒక బరువా అని సిద్ధయ్య నవ్వేవాడు. ఆయన అన్నింటికీ నవ్వేవాడు. చివరికి ఆ నవ్వే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

వాళ్లు ఆడే ఆటల్లో పేరుపడ్డది మాణిక్యగిరి రాజు ఆట. రాజుకు కొడుకు పుడతాడు. ఎరుక చెప్పే ఆడమనిషి వచ్చి, నీ కొడుకు చేతి నీళ్లు తాగి నువ్వు పోతావంటుంది. రాజు పసివాణ్ణి అడవిలో వదిలేయిస్తాడు. అయినా ఆయనకు నిద్ర పట్టదు. వాడు బతికి, పెరిగి, ఒకనాడు తిరిగొస్తాడేమోనని పొలిమేర బావిలో విషం కలిపిస్తాడు. ఏళ్లు గడుస్తాయి. వేటకు పోయిన రాజు దారి తప్పి, దాహంతో ఆ పొలిమేరలోనే కూలిపోతాడు. అటుగా వచ్చిన పడుచువాడొకడు జాలిపడి, ఆ బావిలోనే నీళ్లు చేది ఆయన దోసిట్లో పోస్తాడు. తాగిన తరవాతే ఎవరు ఎవరో తెలుస్తుంది.

రాసిపెట్టి ఉన్నదాన్ని రాజైనా తప్పించుకోలేడని జనం కళ్లు తుడుచుకుంటూ లేచేవాళ్లు. సిద్ధయ్య ఒప్పుకునేవాడు కాదు. రంగు కడుక్కుంటూ, ఎదురుగా ఎవరుంటే వాళ్లతో వాదం పెట్టుకునేవాడు.

"ఎరుకలామె ఏం జేసింది? నోటితోని ఒక్క మాటన్నది. బాయిల విషం పోయించింది ఎవలు?"

అట్లా అనే మనిషి కూడా మేళం నియమాన్ని ఒక్కనాడూ దాటలేదు. రాజు చనిపోగానే వేషగాడి మీద తెల్లబట్ట కప్పి అతన్ని తెర వెనక్కి జరుపుతారు. కిరీటానికి మంగళహారతి ఇచ్చే వరకు అతను పీనుగు కిందే లెక్క. జరిపేవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, అతను మాట్లాడినా బదులు చెప్పకూడదు. పిలిచినవాళ్లు, బదులు చెప్పినవాళ్లు ఆ చావును తమ మీదికి తెచ్చుకున్నట్టు. హారతి ఎప్పుడూ వెంటనే ఇచ్చేవాళ్లు కాబట్టి ఇది ఎవరికీ కష్టం కాలేదు. పైగా సిద్ధయ్యకు ఇదొక ఆట. తెల్లబట్ట కింద పడుకుని సన్నగా, మల్లా సచ్చిన, ఒక సీసా కల్లు దొరుకుతదా అనేవాడు. చెప్పినట్టే అయింది గద, ఎరుకలామెకు కూలి ముట్టిందా అని అడిగేవాడు. నవ్వితే బదులిచ్చినట్టేనని తెర వెనక ఉన్నవాళ్లు పెదవులు కొరుక్కునేవాళ్లు. హార్మోనియం వాయించే రాజమల్లు, అంటే సిద్ధయ్య అన్న, నోట్లో కండువా కుక్కుకునేవాడు. రాజు నీళ్లు తాగి చచ్చాడు కాబట్టి, ఇంకొన్ని నీళ్లియ్యుండ్రి, ఇంకోసారి సస్త అనడం సిద్ధయ్యకు అన్నింటికన్నా ఇష్టమైన పరాచికం.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతబడ్డాయి, గంజ్‌లో లారీలు లేవు. చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. రోజుకొక కులసంఘం వచ్చి కూర్చునేది. పక్కనే రోడ్డు మీద వంటావార్పు, పాటలు, డప్పులు. పని లేని సిద్ధయ్య పొద్దున్నే అక్కడికి పోయేవాడు. ఖాజాబీ చాయ్ బండి కూడా శిబిరం పక్కకు మారింది. ఆ రోజుల్లోనే ఆయనకు ఎడమ రొమ్ములో మంట మొదలైంది. యాదవ్వ దవాఖానకు పోదామంది. గ్యాసు అన్నాడు. మళ్లీ అంటే, రాష్ట్రం రాంగనే పోదాం, మన డాక్టరే చూస్తడు అని నవ్వాడు.

ఒక సాయంత్రం శిబిరంలో మాణిక్యగిరి రాజు ఆట పెట్టమని నిర్వాహకులు అడిగారు. క్రాంతి కొడుకు వేషం కట్టడం మొదలుపెట్టింది ఆ ఏడే. తండ్రీకొడుకులు జనం ముందు తండ్రీకొడుకులుగా నిలబడడం చూడాలని గల్లీ గల్లీ కదిలింది. నిర్వాహకులు ఇంకొక మాట కూడా అడిగారు. హైదరాబాదు నుంచి ఒక నాయకుడు వస్తున్నాడు, హారతి ఆయన చేత ఇప్పిద్దాం, మేళానికి కూడా గౌరవం. రాజమల్లు ఒప్పుకున్నాడు. మేళం బయటివాళ్ల చేతితో హారతి ఏనాడూ లేదని ఆయనకు తెలుసు. అయినా ఒప్పుకున్నాడు.

ఆట బాగా నడిచింది. క్రాంతి నీళ్లు పోస్తుంటే సిద్ధయ్య దోసిలి వణికింది. ఆ వణుకు చూసి జనం చప్పట్లు కొట్టారు. రాజు కూలిపోయాడు. తెల్లబట్ట కప్పారు. తెర వెనక్కి జరిపారు. నాయకుడి బండి ఇంకా రాలేదు. వచ్చాక, హారతి కన్నా ముందే మాట్లాడతానన్నాడు.

తెర వెనక రాజమల్లు, యాదవ్వ, క్రాంతి కూర్చున్నారు. ముందట మైకులో ఉపన్యాసం. బట్ట కింద నుంచి సిద్ధయ్య, నీళ్లియ్యుండ్రి అన్నాడు. రాజమల్లు కండువా నోట్లో పెట్టుకున్నాడు. క్రాంతి నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకున్నాడు. సిద్ధయ్య మళ్లీ అడిగాడు. రాజమల్లు భుజాలు నవ్వుతో ఊగాయి. మన రాత మనమే రాసుకుంటం, ఎవడో రాసింది చెల్లదు అని నాయకుడు అంటుంటే జనం ఈలలు వేశారు.

ఆ ఈలల కింద సిద్ధయ్య మూడోసారి మాట్లాడాడు.

"యాదీ, నీళ్లియ్యవే."

తెల్లబట్ట కింద పరాచికాలాడేటప్పుడు ఆయన ఎన్నడూ భార్య పేరు ఎత్తలేదు. యాదవ్వకు అది తెలుసు. క్రాంతికీ తెలిసింది. వాడు లేచాడు. యాదవ్వ వాడి మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది. పలికినోళ్ల మీదికి చావు వస్తుంది. భర్త అడుగుతున్నాడు, కొడుకు లేస్తున్నాడు. ఆమె కొడుకును పట్టుకుంది. తానైనా లేవలేదు. కూర్చున్న చోటు నుంచి తెల్లబట్టను చూస్తూ, హారతి ఎప్పుడిస్తరు బావా అని రాజమల్లును మాత్రం అడిగింది. అయిపోతది అన్నాడు ఆయన. ఈసారి ఆయన నవ్వడం లేదు.

ఖాజాబీ ఖాళీ గ్లాసుల కోసం తెర వెనక్కి వచ్చింది. బట్ట కింద కాళ్లు రాసుకోవడం, చుట్టూ ముగ్గురు కదలకుండా కూర్చోవడం చూసింది. ఏమైందని అడిగితే ఎవరూ పలకలేదు. ఆమె చాయ్ బండి దగ్గరి చెంబు తెచ్చి, బట్ట తీసి, సిద్ధయ్య తల ఒడిలో పెట్టుకుని నీళ్లు పోసింది. అవి గుటక పడలేదు. పెదవి అంచు నుంచి జారి, ముఖానికి పూసిన పచ్చటి అర్దళాన్ని కడుగుతూ మెడ మీదికి కారాయి. ఆ పచ్చ రంగు తన కొంగుకు అంటి చాలా ఉతుకుల వరకు పోలేదని ఆమె నాతో చెప్పింది.

మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయారు. భుజకీర్తులు కూడా విప్పలేదు. ఇంకొంచెం ముందు తెస్తే చూసేవాళ్లమని అక్కడి డాక్టరు అన్నాడట.

మరునాడు శిబిరం ముందు ఫ్లెక్సీ కట్టారు. కిరీటం పెట్టుకున్న సిద్ధయ్య, కింద జోహార్లు. ఊరేగింపు జరిగింది. వచ్చిన ప్రతివాళ్లూ యాదవ్వకు ఒకే మాట చెప్పారు. ఆటల రాసినట్టే అయింది, నువ్వేం జేస్తవ్, గంతే రాసిపెట్టి ఉన్నది. ఆమె తల ఊపి ఏడిస్తే అందరికీ సులువుగా ఉండేది.

"ఎవలూ రాయలేదు. నేను ఇనుకుంట కూసున్న" అన్నది యాదవ్వ.

ఆ మాట ఎవరికీ నచ్చలేదు. పుట్టెడు దుఃఖంలో ఏదో అంటుందనుకున్నారు మొదట. కర్మల తరవాత కూడా అదే మాట అంటుంటే జనం రావడం తగ్గించారు. ఎందుకంటే ఆమె విన్నదంటే రాజమల్లు కూడా విన్నట్టే. హారతి ఆలస్యం చేసినవాళ్లు, ఉపన్యాసం సాగదీసినవాళ్లు, గ్యాసు అంటే నమ్మినవాళ్లు, అందరూ లెక్కలోకి వస్తారు. రాత అంటే ఎవరి పేరూ ఉండదు. మొగుణ్ణి మింగినా నోరు తగ్గలేదని నల్లా దగ్గర ఆడవాళ్లు అనుకోవడం నేను విన్నాను. ఆమె కూడా విన్నది. బిందె నిండే వరకు అక్కడే నిలబడ్డది.

తండ్రి బదులు క్రాంతి గంజ్‌లో బస్తాలు ఎత్తడం మొదలుపెట్టాడు. తల్లితో అన్నానికీ, తాళంచెవికీ సరిపడా మాటలే మాట్లాడేవాడు. కూర్చున్నప్పుడు అప్పుడప్పుడు తన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని చూసుకునేవాడు. అది చూసి యాదవ్వ లేచి బయటికి పోయేది.

రాష్ట్రం వచ్చింది. సిద్దిపేటలో రంగులు చల్లుకున్నారు, డప్పులు మోగాయి. సంబరాల్లో ఒక సాయంత్రం మాణిక్యగిరి రాజు ఆట పెట్టాలని, రాజు వేషం కొడుకే కట్టాలని పెద్దలు అనుకున్నారు. దూలం మీది మూట దించారు. యాదవ్వ రాజమల్లు ఇంటికి పోయింది. ఆట వద్దనలేదు. హారతి నియమం ఎత్తేయమని మాత్రం అడిగింది. రాజమల్లు హార్మోనియం మెట్లు ఒక్కొక్కటీ తుడిచాడు. తరవాత, నీ ఇష్టం యాదవ్వా, నేను గూడ గదే అనుకుంటున్న అన్నాడు.

ఒప్పుకోనిది క్రాంతి. ఖాజాబీ వాకిట్లో, ఆమె ముందే, తల్లీకొడుకులు అప్పుడు మాట్లాడుకున్నారు.

"పెద్దనాయిన ఒప్పుకున్నడు. ఇగ నీకేంది బిడ్డా?"

"నియమం ఉండాలె."

"గది మనం పెట్టుకున్నదే గద. మనమే తీసేస్తం."

"గంత సులువుగ తీసేసేదైతే ఆనాడే తీసేద్దువు" అన్నాడు క్రాంతి. గొంతు పెంచలేదు. "నియమం ఉన్నదంటే బాపు రాతతోని పోయిండు. లేదంటే మనం సంపినం. నువ్వు సంపిన అనుకుంట బతుకుతవేమో. నాతోని గాదు అవ్వా."

ఖాజాబీ ఏదో అనబోయి, పొంగుతున్న పాలు చూసుకోవడానికి లోపలికి పోయింది.

ఆట రోజు క్రాంతి తండ్రిలాగే అర్దళం పూసుకున్నాడు. కిరీటం వదులైతే తలకు గుడ్డ చుట్టి బిగించారు. దోసిలి పట్టినప్పుడు అతని చేతులు వణకలేదు. జనం చప్పట్లు కొట్టారు, తండ్రిని మించిండు అన్నారు. రాజు కూలిపోయాడు. తెల్లబట్ట కప్పారు. తెర వెనక్కి జరపడానికి ఇద్దరు వంగారు.

ముందు వరసలో కూర్చున్న యాదవ్వ లేచి నిలబడ్డది.

"క్రాంతీ" అని పిలిచింది.

హార్మోనియం ఆగింది. వంగినవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. చావు మీదికి తెచ్చుకున్న మనిషిని చూసినట్టు ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్లు జరిగారు. ఆమెకు కావాల్సింది కూడా అదే. వస్తే తన మీదికి రానీ. రాకపోతే, రాదని అందరూ చూడనీ.

"క్రాంతీ, లే బిడ్డా. నేను పిలుస్తున్న."

తెల్లబట్ట కింద కొడుకు ఊపిరి ఆడడం కనిపిస్తూనే ఉంది. పలచటి బట్ట, ముక్కు దగ్గర లేస్తూ పడుతూ ఉంది. ఒక్కసారి, ఆమె రెండోసారి పిలిచినప్పుడు, ఆ లేవడం పడడం ఆగింది. వింటున్నాడు. లేవొచ్చు. ఒక్క మాట చాలు. రాజమల్లు అగ్గిపుల్ల గీస్తున్నాడు. అది ఆరిపోతే ఇంకొకటి గీశాడు. హారతి వెలిగే దాకా క్రాంతి పలకలేదు.

వెలిగాక లేచాడు. కిరీటం తీసి రాజమల్లు చేతిలో పెట్టి, తల్లి పక్క నుంచి నడిచి ఇంటికి పోయాడు. ఆమె వెనకే పోయింది. ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు ముంచి వాకిట్లోకి వచ్చేసరికి, క్రాంతి మెట్ల మీద కూర్చుని రంగు పూసిన ముఖం గుమ్మంలో నిలబడ్డ ఖాజాబీ వైపు తిప్పాడు.

"ఖాలా, తాగ కొన్ని నీళ్లియ్యి" అన్నాడు.