బస్సు కిటికీలోంచి నేను చూసిన దొంగ

జీవితంలో నేను ఒక్కసారే కోర్టు బోనెక్కాను. ఎక్కేటప్పుడు ఇస్త్రీ అంగీతో, దువ్విన తలతో పెళ్లికొడుకులా ఎక్కాను. దిగేటప్పుడు ఎలా దిగానో చెప్పాలంటే మీరు కాస్త ఓపిక పట్టాలి, నేను కాస్త సిగ్గు విడవాలి. ముందే ఒక మాట, దొంగతనం నేను చేయలేదు. నేను మాట్లాడానంతే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షల కోచింగ్‌కు రోజూ సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ పోయి వచ్చేవాణ్ణి. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, మల్లయ్య అనే రైతు బువ్వకు ఇంటికి పోయి వచ్చేసరికి బావి దగ్గర కరెంటు మోటారు మాయమైంది. రెండు రోజులకు పోలీసులు పక్క ఊళ్లో మోటార్లు బాగుచేసే ఓదెలును పట్టుకుపోయారు. అతని దుకాణంలో అలాంటి మోటారే దొరికిందట. మోటార్లు బాగుచేసేవాడి దుకాణంలో మోటారు కాక బర్రె దొరుకుతుందా అని నాకు తోచలేదు.

యాకూబ్ భాయ్ చాయ్ హోటల్లో అందరిదీ ఇదే ముచ్చట. నేనూ ఒక మాట వేశాను. ఆ మధ్యాహ్నం బస్సులో వస్తుంటే మల్లయ్య పొలం దగ్గర ఒకడు ముఖానికి తువ్వాల చుట్టుకుని, మోపెడ్ మీద గోనెసంచి పెట్టుకుని పోవడం చూశానన్నాను. ఇంతవరకు నిజం.

"సంచిల ఏమున్నది?" అని యాకూబ్ భాయ్ అడిగాడు.

"మోటారు గాక ఏముంటది భాయ్?"

"నువ్వు చూసినవా?"

"గుండ్రంగ ఉన్నది."

"నా పొట్ట గూడ గుండ్రంగనే ఉన్నది," అంటూ ఆయన చాయ్ వడపోశాడు.

అందరూ నవ్వారు. వాళ్లు నవ్వకపోయి ఉంటే నా కథ అక్కడే ఆగేది. మరునాడు పరువు నిలుపుకోవడానికి సంచి మూతిలోంచి మోటారు ఫ్యాను కొంచెం కనబడిందన్నాను. మూడో రోజు మనిషి ముఖం కనబడింది. వారం తిరిగేసరికి ఆ ముఖం ఓదెలుదే అయింది, అతను నా కళ్లలోకి చూసి తల కూడా దించుకున్నాడు. బస్సు మాత్రం వారమంతా అదే వేగంతో పోతూనే ఉంది.

"జర సోంచాయించి మాట్లాడు రమేశ్," అన్నాడు యాకూబ్ భాయ్ ఒకరోజు మెల్లగా. "ఓదెలుకు దుబాయ్ వీసా వచ్చిందట. కేసు తేలేదాక పోనియ్యరు. నీకు ఏ కొంచెం అనుమానమున్నా గా మాట అనకు."

"నాకు అనుమానమే లేదు," అన్నాను.

వెనక బల్ల దగ్గర చాయ్ తాగుతున్న హెడ్ కానిస్టేబుల్ గ్లాసు కింద పెట్టి నా పేరు రాసుకున్నాడు.

కొన్ని నెలలకు సమన్లు వచ్చాయి. బాపు కనబడ్డవాళ్లకల్లా "మా పోరడు సర్కారు తరపు సాక్షి" అని చెప్పుకున్నాడు. పాపం, ఆయనకు తెలిసింది నేను దొంగను చూశానన్నంతవరకే. వాయిదా రోజు తెల్ల ధోవతి కట్టుకుని, తనే నన్ను బండి మీద కోర్టుకు తీసుకొచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాడు.

సర్కారు వకీలు అడిగిన వాటికి చిలకలా జవాబులు చెప్పాను. తర్వాత ఓదెలు తరపు వకీలు లేచారు. సన్నగా ఉండే ఆడమనిషి, నెమ్మది గొంతు.

"సంచి మూతి కట్టి ఉందా, తెరిచి ఉందా?"

"కట్టి ఉండె మేడం."

"మరి ఫ్యాను ఎట్లా కనబడింది?"

"జర వదులుగ కట్టిండు."

"ముఖం?"

"మంచిగ కనబడ్డది."

"మొదటి రోజు చాయ్ హోటల్లో ఆ మనిషి ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడని మీరే అన్నారట."

తువ్వాల సంగతే మరిచిపోయాను. అది నిజంగా చూసింది కదా, అందుకే గుర్తు లేదు.

"పోనీ, ముఖం వదిలేయండి," అన్నారామె దయగా. "బండి గుర్తుందా?"

ప్రాణం లేచొచ్చింది. బండిని మాత్రం నిజంగానే చూశాను. "ఎర్ర మోపెడ్ మేడం. లైటుకు నల్ల టేపు చుట్టి ఉండె. వెనక మడ్‌గార్డు లేదు. సీటుకు యూరియా బస్తా కుట్టి ఉండె."

చెబుతున్నకొద్దీ ఆ బండి నాకు దగ్గరి చుట్టంలా అనిపించసాగింది. పొద్దున నేను కూర్చుని వచ్చిన సీటుకు కూడా యూరియా బస్తాయే కుట్టి ఉందని తట్టేలోపే, వెనక బెంచీలోంచి బాపు లేచి నిలబడ్డాడు.

"దండం అయ్యా. గది నా బండి. సంచిల తర్బూజకాయలుండె. అత్తగారింట్ల ఉన్న మా బిడ్డకు అప్పుడు అయిదో నెల, తినబుద్ధయితుందంటె తీస్కపోయిన."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "మీరెవరు?"

"సాక్షి తండ్రిని అయ్యా."

కోర్టంతా గొల్లుమంది. సర్కారు వకీలు ఫైలులో ముఖం దాచుకున్నాడు. జడ్జిగారు అందరినీ నిశ్శబ్దంగా ఉండమని నా వైపు తిరిగారు. "మీరు చూసింది ముద్దాయినా, మీ నాన్ననా?"

అప్పుడు ఓదెలు వైపు చూశాను. అతనొక్కడే నవ్వడం లేదు. బోను కర్రను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, నా నోటినే చూస్తున్నాడు.

"అయ్యా, గీ మనిషిని నేను ఇయ్యాల్నే మొదటిసారి చూస్తున్న," అన్నాను.

తర్వాతి వాయిదాకు బాపు ముద్దాయి తరపు సాక్షి అయ్యాడు. ఒకే ఇంటి నుంచి రెండు పక్షాలకూ సాక్షులను పంపిన ఘనత మాదే అనుకుంటాను. నేను బోనెక్కిన రోజు ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ఊరి దగ్గర బండి ఆపి, "కన్నతండ్రినే గుర్తుపట్టనోనివి, నీకు నౌకరి ఎవడిస్తడురా," అన్నాడు.

సాక్ష్యం నమ్మదగినట్టు లేదు, అనుమానం ముద్దాయికే మేలు చేయాలని చెప్పి కోర్టు ఓదెలును విడిచిపెట్టింది. దుబాయ్ పోయేముందు అతను మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు. నేను చేతులు జోడించాను.

"తప్పయింది అన్నా."

"తప్పేంది తమ్మీ. నీ అసువంటి సాక్షి దొరకబట్టే నేను బయటపడ్డ." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఒక చిన్న పని ఉండె. మా బామ్మర్ది మీద హుస్నాబాద్‌ల కోళ్ల దొంగతనం కేసు నడుస్తున్నది. పోలీసోళ్ల తరపున జర నువ్వే సాక్ష్యం చెప్పరాదే?"

అతన్ని సాగనంపి, స్నానం చేసి, తూర్పు తిరిగి దండం పెట్టి ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎవరి కేసులోనూ నోరు విప్పను. ఆ కోళ్లే నడిచొచ్చి నా ముందు ఏడ్చి చెప్పుకున్నా సరే.