ఔటర్ సిగ్నల్ దాకా

కోపం వస్తే లేచి నడువు అని జకరయ్యకు చెప్పింది నేనే. అతను అడగలేదు, నాకు నేనే దూరి చెప్పాను. ఆ రోజు నా నోరు పడిపోయినా బాగుండేది.

నా పేరు హజరత్తయ్య. బిట్రగుంట స్టేషన్లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ని. జకరయ్య లాంపుమన్. పొద్దు వాలకముందే కిరసనాయిలు డబ్బా పట్టుకుని ఊరి బయటున్న ఔటర్ సిగ్నల్ దాకా నడిచిపోయి, స్తంభం ఎక్కి దీపం వెలిగించి రావడం అతని ఉద్యోగం. రైల్వే కాలనీలో మా రెండిళ్ళకూ ఒకటే వరండా. వాళ్ళింట్లో చెంచా కింద పడినా మాకు వినపడుతుంది.

మనిషి మంచివాడు. ఒకరి జోలికి పోడు. కానీ కోపం వచ్చిందంటే ఒళ్ళు తెలియదు. యాభై ఏడులో ఒకనాడు కూతురు ఆనందకుమారి సిగ్నల్ దీపం అద్దం తుడుస్తూ పగలగొట్టింది. పదేళ్ళ పిల్ల. ఇతను చేతిలో ఉన్న దీపం బుడ్డిని అట్లాగే విసిరాడు. కనుబొమ చీలింది, మూడు కుట్లు పడ్డాయి. వాళ్ళ చర్చి సంఘం పెద్దలు ఆరు నెలలు ప్రభువు బల్లకు రావద్దన్నారు. అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూ ఉంటే జకరయ్య వెనక వరసలో తల దించుకుని కూర్చునేవాడట.

"హజరత్తన్నా, నా చేతులు నరికేసుకోవాలని ఉండాది. కోపం వచ్చేది నాకు తెలీదన్నా. వచ్చినాకే తెలస్తది" అని వరండాలో కూర్చుని ఏడ్చాడు.

అప్పుడు చెప్పాను. నాకూ చిన్న కోపం కాదు, మా ఇంట్లో అడిగితే చెబుతారు. "చెవులు వేడెక్కుతాయి చూడు, అదే గుర్తు. మాట్లాడబాక. లేచి పట్టాలమ్మిట నడువు. స్లీపర్లు లెక్కబెట్టుకుంటా ఔటర్ దాకా పోయి రా. అప్పటికీ చల్లారకుంటే మళ్ళా పో" అన్నాను. ఏదో పెద్ద మంత్రం ఉపదేశించినట్టు మీసం కూడా దువ్వుకున్నాను, సిగ్గులేకుండా.

మొదట్లో అతనికి చేతకాలేదు. సగం దూరం పోయి, ఇంకో మాట గుర్తొచ్చి, దాన్ని అనడానికి వెనక్కి పరుగెత్తుకొచ్చేవాడు. నేను పడీపడీ నవ్వేవాణ్ణి. ఒక్కో రోజు నాలుగు సార్లు పోయి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి పట్టు దొరికింది. చారులో ఉప్పెక్కువైనా, పైఆఫీసరు తిట్టినా, మాట లేదు పలుకు లేదు, లేచి పోయేవాడు. సిగ్నల్ స్తంభానికి నుదురు ఆనించి కాసేపు నిలబడి, చల్లగా తిరిగొచ్చేవాడు. తర్వాత ఎనిమిదేళ్ళలో అతని చెయ్యి ఎవరి మీదా లేవలేదు. సంఘంలో మళ్ళీ బల్లకు పిలిచారు. పాదిరిగారు అతన్ని చూపించి ఇంకొకరికి బుద్ధి చెప్పేవారు.

ఇంట్లో వాళ్ళకు మాత్రం అతను లేచాడంటే అర్థం ఒకటే. ఆనందకుమారి చప్పుడు చెయ్యకుండా గడప మీద కూర్చుని, తనేం తప్పు చేసిందో వెతుక్కునేది.

అరవై అయిదులో ఆ పిల్లను దొరవారిసత్రంలో బడిపంతులు జయకుమార్‌కు ఇచ్చారు. చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడతాడు అని మేమంతా మురిసిపోయాం. ఏం మురిపెమో! మరుసటి ఏడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం రైలు దిగి ఒక్కతే వచ్చింది. పెదవి వాచి ఉంది. ముంజేతి మీద బెత్తం వాతలు. తల్లి ఎలిశబెతు కావలి సంతకు పోయింది. జకరయ్య వరండాలో వత్తులు కత్తిరిస్తున్నాడు. నేను డ్యూటీకి బయలుదేరుతున్నాను.

"నాయనా, నేనింక ఆడికి పోలేను. ఈడే ఉండనా?" అంది.

జకరయ్య మొహం కందిపోయింది. కత్తెర కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పట్టాల వైపు పోయాడు.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "పెదనాయనా, నాయనకు కోపం వచ్చింది కదా?"

"వచ్చిందిలే అమ్మా. చల్లారినాక వస్తాడు, నువ్వు లోపలికి పో" అన్నాను. ఎవరి మీద కోపమో చెప్పాలని నాకు తట్టలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని నా తొందర నాది.

జకరయ్యకు ఆ రోజు ఒక్కసారికి చల్లారలేదు. ఆ కోపంలో దొరవారిసత్రం పోతే అల్లుణ్ణి చంపేస్తానని భయమేసి, ఔటర్ దగ్గరే గంటసేపు నిలబడ్డాడు. గూడూరు మీదుగా దొరవారిసత్రం పోయే సాయంత్రం ప్యాసింజరు అతని పక్కనుంచే పోయింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు, చూడలేదు. "ఇది నీ ఇల్లు తల్లీ, ఎవడొస్తాడో చూస్తా" అని మాట కూడబెట్టుకుని ఇంటికి వస్తే సంత నుంచి అప్పుడే వచ్చిన ఎలిశబెతు ఒక్కతే ఉంది. గడప మీద చీటీ. "నాయనకు నా మీద కోపం వచ్చింది. నేను పోతున్నా."

తెల్లారి మొదటి బండికే దొరవారిసత్రం పోయాడు. అల్లుడు ఎదురొచ్చి కుర్చీ వేసి కాఫీ ఇచ్చాడట. "రామ్మా, పోదాం" అన్నాడు జకరయ్య. ఆమె మొగుడి వైపు చూసి, "ఊరికే వచ్చినా నిన్న. నేను బాగుండా నాయనా" అంది. అల్లుడు నవ్వాడు. ఆ నవ్వు చూడగానే జకరయ్య చెవులు వేడెక్కాయి. కాళ్ళు వాటంతట అవే లేచాయి. పట్టాలమ్మిట నాయుడుపేట దాకా నడిచాడు. తిరిగి ఆ ఇంటికి పోయేసరికి తలుపులు వేసి ఉన్నాయి.

నవంబరు వానల్లో టెలిగ్రాం వచ్చింది. ఆనందకుమారి నీళ్ళు చేదుతూ కాలుజారి బావిలో పడి పోయిందన్నారు. మేం దొరవారిసత్రం పోతే ఊళ్ళో అందరూ అదే మాట పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. శవాన్ని కడగడానికి లోపలికి పోయిన ఎలిశబెతు బయటకు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "వీపంతా వాతలే హజరత్తన్నా" అంది.

సమాధి మీద మన్ను వేశారు. జయకుమార్ అందరికంటే గట్టిగా ఏడుస్తున్నాడు. జకరయ్య వాణ్ణే చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి నడవబోయాడు. ఎలిశబెతు పరుగెత్తి చొక్కా పట్టుకుంది.

"ఎక్కడికయ్యా పోతావు? ఇప్పుడు కూడా పోతావా? అరువు! ఈడే నిలబడి అరువు! వాణ్ణి అడుగు!"

జకరయ్య అల్లుడి ముందుకు వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గొంతు నరాలు ఉబ్బాయి, పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు. జనమంతా చూస్తున్నారు. వాన పడుతోంది. చాలాసేపటికి నా వైపు తిరిగాడు.

"రావటం లేదన్నా" అన్నాడు చాలా మెల్లగా.