ఈగలకు బెల్లం జావ

"ఈగలకేమో బెల్లం జావ, నాకు సల్లారిన చారా?" అన్నడు మా ఆయన.

"నీకు గూడ తెస్త తియ్, సీసాల పోసి దూది మూత పెట్టి," అన్న నేను, చెప్పులేసుకుంట.

గంతే. మా ఇద్దరి మాటలు గక్కడ్నే ఆగినయ్. నేను చెప్తున్న, మా చెల్లె బిడ్డ రాస్తున్నది.

ఉప్పల్‌ల ఈగల మీద పరీక్షలు జేసేకాడ నా పని. పండ్ల మీద ముసిరే సన్న ఈగలు. మక్కపిండి, బెల్లం ఉడకబెట్టి వాటికి సీసాలల్ల పోస్త, పాత సీసాలు కడుగుత. గక్కడి మేడం ఒకసారి నన్ను పిలిచి సూపెట్టింది. మొగ ఈగ ఆడదాని ఎంబడి తిరుగుకుంట ఒక రెక్క చాపి ఆడిస్తది. అది దాని పాటనట. ఆడది పాడది, ఇంటది. నచ్చితె నడక ఆపుతది.

"ఆడదానికి పాట రాదా మేడం?"

"పాడే నరాలు దాని తలలోనూ ఉన్నాయమ్మా. ఊరికే పడుంటాయి," అని ఆడ ఈగ మీద లైటు ఏసింది. అది గూడ రెక్క లేపింది! లైటు పడితె ఆ నరాలు లేసేటట్టు పెంచిన ఈగలట అవి. "కానీ సరిగ్గా రాదు, మగదాని పాటలా ఉండదు," అన్నది.

ఇంట్ల చెప్తె మా ఆయన మస్తు నవ్విండు. "మనింట్ల గూడ గంతేగదనే! పాడేది నేను, ఆగాల్నా వద్దా అనేది నువ్వు."

బెల్లం జావ మాటన్న పొద్దు, గా సల్లారిన చారే తిని నాచారంల కంపెనీకి పోయిండు. గేటు కాడ పడిపోయిండు. తలల నరం మూసుకపోయిందన్నరు దవాఖానల. మనిషి దక్కిండు, మాట పోయింది. నోరు తెరుస్తడు, గాలి వస్తది.

మేడంను అడిగిన. "ఈగతోని పాడిస్తున్నరు గదా, మా ఆయనతోని ఒక్క మాట అనిపియ్యరాదు? తిట్టినా మంచిదే."

మేడం చేతిల సీసా కింద పెట్టింది. "ఈగలో ఆ నరాలు ఉన్నాయి కాబట్టి లేస్తాయమ్మా. ఆయనలో మాట్లాడే నరాలు చచ్చిపోయాయి. లేపడానికి ఏమీ లేదు."

ఇగ నేనే మొదలువెట్టిన. ఆయన మాట, నా మాట రెండూ నేనే అనుడు. ఒకనాడు కంచం ముందట పెట్టి, ఆయన లెక్కనే గొంతు పెట్టి, "సల్లారిన చారా?" అన్న. నా మొఖం సూసి గోడ దిక్కు తిరిగిండు. మల్ల అనలే.

ఆఖరికి మాట రాకుంటనే ఆయన పాణం ఇడిసిండు. ఫోన్ల గూడ ఆయన గొంతు లేదు. ఇప్పుడు మాటలు యాదికున్నయ్, గొంతు యాదికొస్తలేదు. ఈగలకు జావ కాస్తనే ఉన్న.

రాసినవా బిడ్డా? మొదటికెల్లి సదువు. ఆయన మాట కాడ జర గొంతు పెంచు, కోపానికొచ్చినట్టు. సక్కగ రాకున్నా మంచిదే, సదువు.